తుఫాను తోలుకొచ్చిన పిట్ట

ఆ కార్తీకమంతా మా అత్త నాతో మాట్లాడలేదు. అరిచి గోల చేసే మనిషైతే నాకు సగం బాధ తగ్గేది. ప్రమీలమ్మ అరవదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా నన్ను పిలవదు, తనే లేచి వచ్చి ఆర్పి పోతుంది. పెనుకొండ బజారులో మా కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరం ఆడవాళ్లం ఒకరి పక్కనుంచి ఒకరం ఉలుకూ పలుకూ లేకుండా తిరిగేవాళ్లం.

భాద్రపదంలో కేశవ పోయాడు. కేశవ నా మొగుడు, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతూ ఎత్తుతూ కూలబడ్డాడు. ఆసుపత్రికి పోయేసరికే అయిపోయిందన్నారు.

దినాల నాడు చెరువు దగ్గర పిండం పెడితే కాకి ముట్టలేదు. కరెంటు తీగ మీద కూర్చుని చూస్తుంది గానీ దిగదు. కాకి దిగకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా వైపు నమ్మకం. అప్పుడు చుట్టాలందరూ ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరికేదో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. కేశవ మేనమామ మొదలుపెట్టాడు, పెరటి గోడ తగాదా వదులుకుంటానని. ఆయన పెట్టిన తగాదానే అది. ఇంకెవరో కొట్టు మూతపడకుండా చూస్తామన్నారు. మాధవిని మేం కనిపెట్టుకుంటామని హిందూపురం నుంచి వచ్చిన మా అన్న నన్ను చూపిస్తూ అన్నాడు. కాకి కదల్లేదు. చివరికి అత్త లేచింది.

"రేయ్ కేశవా, నీ పళ్లెం ఇంక లోపలే పెడతాను రా నాయనా. వచ్చి తినుపో," అంది.

కాకి తీగ మీద నుంచి లేచి అవతలి గట్టుకు పోయింది. పిండం నీళ్లలో కలిపేసి ఇంటికొచ్చాం.

పళ్లెం సంగతి అక్కడున్న వాళ్లలో చాలామందికి తెలియదు, నాకు తెలుసు. కేశవకు, నాకు పిట్టల పిచ్చి. ఆదివారం వస్తే బైనాక్యులర్లు మెడలో వేసుకుని చెరువులు పట్టుకుని తిరిగేవాళ్లం. మాఘంలో నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున పక్షుల లెక్కింపుకు పోయినప్పుడు, ఒక పడవవాళ్ల ఇంట్లో చేపల పులుసు పెడితే కేశవ తిన్నాడు. మా ఇళ్లలో కోడిగుడ్డు కూడా గడప లోపలికి రాదు. తిన్నవాడు గుట్టుగా ఉన్నాడా అంటే, నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకు. ఇంటికొచ్చి ముద్ద కలుపుతూ నవ్వుతూ చెప్పేశాడు. అత్త ఏమీ అనలేదు. మరునాటి నుంచి ఆయన పళ్లెం, లోటా వెనక వసారాలోకి వెళ్లిపోయాయి. తిండి అక్కడే. "నన్ను నీళ్లకాకిని చేసేసినావు కదమ్మా," అని ఆయన ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వేది కాదు. అలా మాఘం నుంచి భాద్రపదం దాకా వసారాలో తిని, అట్లే పోయాడు. పక్కనే ఉండి తిననిచ్చినందుకు నా మీద కోపం. వసారాలో కూర్చోబెట్టినందుకు ఆమె మీద ఆమెకే కోపం. ఈ రెండిటితో ఆమె నోరు మూతపడింది.

దినాలయినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం కేశవ పళ్లెంలోనే అన్నం, పప్పు కలిపి మిద్దె పైన పిట్టగోడ మీద పెట్టి కాచుకుని ఉండేది. కాకి ముట్టాకే తాను తినాలని పట్టుదల. ఉడతలు వచ్చేవి, గోరింకలు వచ్చేవి. కాకి వచ్చేది కాదు. బజారు చివర చింతచెట్లు కొట్టేసినప్పటి నుంచి మా వీధిలో కాకులు పలచబడ్డాయి, అది నాకు బాగా తెలుసు. మాట్లాడని మనిషికి ఏం చెప్పను? పొద్దు వాలాక దిగొచ్చి మజ్జిగ తాగి పడుకునేది. రవికె చేతులు వదులైపోయాయి. ఈ మనిషి కూడా నా కళ్ల ముందే పోతుందని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు తుఫాను వచ్చింది.

తీరం దాటింది నెల్లూరు దగ్గరయినా, మాకు వదలకుండా ముసురు పట్టింది. కొట్టుకు వచ్చేవాళ్లు లేరు. బెల్లం దిమ్మెలు చెమ్మగిల్లాయి. ఇట్లాంటి ముసురులోనే కేశవ మనసు నిలిచేది కాదు. తుఫాను సుడిలో చిక్కుకున్న సముద్రపు పిట్టలు గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయి, గాలి తెగినచోట నీళ్లు కనపడితే దిగుతాయి. మన చెరువుల్లో వాటికి తిండి చిక్కదు, ఎగిరే సత్తువ ఉండదు. చాలామటుకు నాలుగు రోజుల్లో చచ్చిపోతాయి. ఆ లోపల వాటిని చూసి, ఎక్కడ ఏ పిట్ట పడిందో రాసి పెట్టడం మావంటి వాళ్ల పని. ప్రతి తుఫానుకూ కేశవ కొట్టు మూసి, నన్ను బండెక్కించుకుని చెరువులన్నీ తిప్పేవాడు. ఒక్క సముద్రపు పిట్ట కూడా మా కంట పడలేదు. "వస్తాది చూడు, ఒకసారికన్నా వస్తాది," అనేవాడు.

ధర్మవరంలో చీరల కొట్టులో పనిచేసే నరేష్ పిట్టలు చూసే మా గుంపులో అందరికీ మెసేజి పెట్టాడు. ఎవరి దగ్గరి చెరువులు వాళ్లు చూడండి, ఏమీ కనపడకపోయినా ఏమీ లేదని పెట్టండి, అదీ లెక్కే అని. నాకు విడిగా ఫోన్ చేశాడు.

"అక్కా, నీకు కష్టమైతే వద్దులే. నేను చూసుకుంటా."

"నేను పోతాలే నరేషా. ఇంట్లో కూర్చుని ఏం చేసేది?"

బండి మీద బయలుదేరాను. ఊరి చెరువు మొదట చూశాను. నిండి, మిగులు నీళ్లు మరవ మీదుగా పారుతున్నాయి. మాకు మరవ పారిందంటే పండగే, పొంగిన నీళ్లకు అడ్డంగా దోమతెరలు పట్టి ఊళ్లో సగం మంది చేపలు పడుతున్నారు. పిట్టలు మామూలువే. అక్కడి నుంచి ధర్మవరం వైపు పోయాను. ఒక చెరువు కట్ట మీద నిలబడి తుంపరలో బైనాక్యులర్లు తుడుచుకుంటూ చూస్తున్నాను. బొల్లికోళ్లు, నీళ్లకాకులు, దూరంగా రెండు కొంగలు. ఫోన్ తీసి రాసుకున్నాను: సముద్రపు పిట్టలు, లేవు. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఒకాయన నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏమ్మా, యా ఊరు మీది?"

"పెనుకొండ."

"ఆడ చెరువు లేదా?"

"ఉండాది. అది చూసేసినా."

ఆయన ముఖం మారిపోయింది. గొర్రెల్ని కట్ట మీదికి ఎక్కించి నాకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. "ఒంటిగా వచ్చినావే. మీ ఇంటాయన రాలేదా?"

"లేడు."

"నీళ్లు బాగా లోతుండాయమ్మా. ఈడ నిలబడగూడదు. ఇంటికి పో, పిల్లోళ్లు ఎదురుచూస్తాంటారు."

నాకు పిల్లలు లేరంటే ఆయన ఇంకా బెదిరిపోతాడని, సరే పోతాలే అన్నాను. నేను బండి స్టార్ట్ చేసేదాకా ఆయన కదల్లేదు. ఇదే కట్ట మీద కేశవా నేనూ గంటలు గంటలు నిలబడ్డాం, ఒక్కరూ పలకరించలేదు. పక్కన మనిషి ఉంటే పిట్టల పిచ్చి, లేకపోతే చావబోయే మనిషి. దారి పొడుగునా నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ నీళ్లను చూస్తూ నేను ఆలోచించింది ఒక్క పిట్టల గురించే కాదు.

మరునాడు తెల్లారకముందే హిందూపురం వైపు పోయాను. లేపాక్షి చుట్టుపక్కల కుంటలు కూడా వదల్లేదు. అన్నిచోట్లా లేవు, లేవు, లేవు అని రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి తడిసి ముద్దయి ఇల్లు చేరాను. చెప్పులు విప్పుతుంటే మిద్దె పైనుంచి పిలుపు వినబడింది.

"మాధవీ! పైకి రామ్మా. వచ్చినాడు."

ఆ గొంతు నా పేరు పెట్టి పిలిచి రెండు నెలలు దాటింది. ఆమెకు మతి చలించిందేమో అనుకుంటూ మెట్లు ఎక్కాను.

పిట్టగోడ మీద పళ్లెం. పళ్లెం పక్కన పిట్ట. కాకి కంటే సన్నగా, ఒళ్లంతా కాఫీగింజ రంగు. నుదుటి నుంచి నడినెత్తి దాకా బూడిద చల్లినట్టు తెలుపు. రెక్కలు పొడుగ్గా తోక మీద ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి. అత్త దానికి మూరెడు దూరంలో చతికిలబడి ఉంది. అది బెదరలేదు. దాని పేరు నాకు తెలుసు. నాడ్డీ అంటారు, నడిసముద్రంలో బతికేది, మనుషులంటే భయం తెలియని పిట్ట. పుస్తకంలో బొమ్మ మీద కేశవ వేలు పెట్టి ఎన్నిసార్లు చూపించాడో.

"చూడు, చూడు," అన్నాను పక్కకు తిరిగి. పక్కన తడిసిన గోడ ఉంది. అప్పటిదాకా నన్ను నేను బాగానే కాచుకున్నాను గానీ, ఆ క్షణాన కేశవ లేడని నాకు కొత్తగా తెలిసింది.

"చూసినా," అంది అత్త, తనతో అన్నాననుకుని. "తల చూడు. వయసు రాకముందరే నెరిసిండ్లా మా కేశవకు? ఎంత పిలిచినా అన్నం ముట్టలేదు. నువ్వు చెప్పు, నీ మాటైతే ఇంటాడు."

ఫోటోలు తీసి నరేష్‌కు పంపాను. అలవాటు, చేతులు వాటంతట అవే చేశాయి. తర్వాత పిట్టను దగ్గరగా చూశాను. నోరు తెరిచి ఉంది, కళ్లు వాలిపోతున్నాయి, రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చింది. ఈ రాత్రి గడవదు. అది చస్తే నాకొక సముద్రపు పిట్ట చచ్చిపోయినట్టు. అత్తకు మాత్రం కొడుకు మళ్లీ వచ్చి, ఆమె పెట్టిన అన్నం ముట్టకుండా, ఆకలితో మళ్లీ పోయినట్టు. తర్వాత ఆమె ఆ మజ్జిగ కూడా తాగదు.

"అత్తా, అది అన్నం తినదు," అన్నాను.

"మరేం తింటాది?"

ఆమె నా ముఖం వైపు చూస్తూనే ఉంది.

"చేపలు."

ఆమె పళ్లెం వైపు చూసింది, పిట్ట వైపు చూసింది. కొంగు బిగించి నడుముకు దోపుకుంది.

"యాడ దొరుకుతాయి?" అంది.

మరవ దగ్గర నాగమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి గంప నింపుతోంది. మా కొట్టులో పదేళ్లుగా సరుకులు తీసుకునే మనిషి. నన్ను చూసి నోరు తెరిచింది.

"శెట్టిగారి కోడలు! చేపలకా వచ్చినావు?"

"ఇంటికి చుట్టం వచ్చినాడు నాగమ్మా. చిన్నవి ఉంటే ఇయ్యి, వేలంతవి."

"చుట్టానికి అవేం చాలుతాయి? ఈ బొచ్చె చేపను ఎత్తుకపో, కమ్మగుంటాది."

"పెద్దవి వద్దు. ఆయన నోరు చిన్నది."

నాగమ్మ పడీపడీ నవ్వింది. "అట్లాంటి చుట్టం మాకూ రాకూడదా! ప్రమీలమ్మకు తెలుసునా తల్లీ ఈ కత?"

"ఆయమ్మే పంపింది."

నాగమ్మ నవ్వు ఆగిపోయింది. గంపలో వెతికి వెతికి చిన్న చేపలు ఏరి నీళ్లతో సహా కవర్లో పోసి ఇచ్చింది. ఈ సంగతి సాయంత్రానికి బజారంతా పాకుతుందని నాకు తెలుసు. పాకనీ అనుకున్నాను.

మిద్దె మీద అత్త పళ్లెం కడిగి పెట్టుకుని ఉంది. అన్నం ఎక్కడ పారబోసిందో తెలియదు. కవరు విప్పితే వాసనకు ముఖం పక్కకు తిప్పుకుంది. నేను పెడతాలే అత్తా అన్నాను. వద్దంది. చేపను తోక పట్టుకుని ఎత్తింది. అది జారి పళ్లెంలో పడింది. మళ్లీ ఎత్తింది. పిట్ట ముక్కు కొసకు ఆనించి పట్టుకుంది.

"తిను నాయనా. ఎవరూ ఏమీ అనరు. తిను."

చాలాసేపు ఏమీ కాలేదు. ముసురు మా ముగ్గురి మీదా పడుతోంది. పిట్ట తల విదిలించింది. ముక్కు మూసింది, తెరిచింది, చేప లోపలికి పోయింది. గొంతులో ఉబ్బెత్తుగా కిందికి దిగడం ఇద్దరం చూశాం. అత్త ఇంకొకటి అందుకుంది. అదీ పోయింది. ఆ మనిషి కళ్లలో నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులకు చేపల తడి.

నరేష్ ఫోన్ చేశాడు. "అక్కా! నాడ్డీ అక్కా అది! రేపు పొద్దునే వస్తాండా. దాన్ని పొడిగా, వెచ్చగా పెట్టు."

అత్తతో చెప్పాను, వెచ్చగా పెట్టాలంట అని. ఉల్లిగడ్డల గంప ఖాళీ చేసి పాత చీర పరిచి పిట్టను అందులో కూర్చోబెట్టాను. కిందికి దించి వసారాలో పెట్టబోయాను.

"ఆడెందుకు?" అంది అత్త. "లోపలికి తీసుకురా."

"వంటింట్లోకా అత్తా?"

"పొయ్యి పక్కన పెట్టు. చలి ఉండదు."

పెట్టాను. చేపల కవరు కూడా వంటింట్లోకే వచ్చింది. ఆ రోజు ఆమె చారన్నం తింది. గంప పక్కన కూర్చుని, పిట్ట వైపు చూస్తూ, ఇంకో రెండు ముద్దలు అడిగి మరీ పెట్టించుకుంది.

తెల్లారి నేను లేచేసరికి అత్త గంప ముందు కూర్చుని ఉంది. పిట్ట మెడ వాలిపోయింది. నేను గడపలోనే నిలబడ్డాను.

"ఇప్పుడిప్పుడే," అంది ఆమె. "బాధ పడలేదు. తిని పోయినాడు." చీర కొస పిట్ట మీదికి కప్పింది. "కాఫీ పెడతాండా. నీకూ కలపనా?"

నరేష్ తడుసుకుంటూ వచ్చాడు. గంపలో చూసి నీరుగారిపోయాడు. అత్త స్నానానికి పోయినప్పుడు నెమ్మదిగా అడిగాడు. "అక్కా, మన గుంపులో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు ఇది. బెంగళూరు పంపిస్తే మ్యూజియంలో పెడతారు. ఇస్తావా?"

"ఫోటోలు ఉండాయి కదా నరేషా. అవి చాలు."

వాడు ఒకసారి వంటింటి వైపు, పొయ్యి పక్కన గంపలో పరిచిన చీర వైపు చూసి సరే అన్నాడు. పెరట్లో గుంత తానే తవ్వాడు. పోయేముందు ఫోన్ తీసి వివరాలు రాసుకుంటూ, మొదట చూసింది ఎవరని అడిగాడు. మా పిట్టలవాళ్లలో అది మర్యాద, ముందు చూసినవాళ్ల పేరు ముందు రాయాలి.

"ప్రమీలమ్మ అని రాసుకో," అన్నాను.

ఆ మధ్యాహ్నం అత్త మిద్దె ఎక్కలేదు. వంటింట్లోనే రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టింది. ఆమె తినడం చూస్తుంటే నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. నాగమ్మ గురించి అడిగింది, నరేష్‌కు పెళ్లయిందా అని అడిగింది, చెమ్మెక్కిన బెల్లం ఏం చేద్దామంది. రెండు నెలల మాటలూ ఒక్కసారే వస్తున్నాయి. నేను ఊ కొడుతున్నాను. నా పళ్లెంలో అన్నం కలిపినది కలిపినట్టే ఉంది. ఆమెకు కొడుకొచ్చి, ఆమె చేత్తో తిని, పోయాడు. నేను చెరువు చెరువూ తిరిగాను, ఆయన కోరుకున్న పిట్టే నా ఇంటికొచ్చింది, నేను దాన్ని ముట్టుకున్నాను కూడా. అది మొదటి నుంచి చివరి దాకా పిట్టే.

అత్త మాట ఆపింది. నన్ను చూసింది.

"నీకు పిట్ట మాదిరే కనపడింది కదా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "అవునత్తా," అన్నాను.

"నాకు మావాడు కనపడినాడమ్మా. నీకూ కనపడింటే బాగుండె," అంది.

తర్వాత నా పళ్లెం తన దగ్గరికి లాక్కుని, చల్లారిన అన్నాన్ని మళ్లీ కలిపి, ముద్ద చేసి నా నోటి దగ్గర పట్టింది. ఎన్నిసార్లు కడుక్కుందో గానీ ఆ వేళ్లకు ఇంకా చేప వాసన వస్తోంది. నేను నోరు తెరిచాను.